వంకర వంతెన సారు

ఈ ఎండాకాలం మొదట్లో ఒకరోజు దిల్‌సుఖ్‌నగర్ మెట్రో స్టేషన్ కింద బండి దగ్గర నిలబడి పుచ్చకాయ ముక్క తింటున్నాను. ఎర్రటి భాగమంతా అయిపోయి, నెలవంకలా తొక్క మిగిలింది. పారేయబోయి ఆగాను. బండి మీద రెండు గాజు గ్లాసులు బోర్లించి ఉన్నాయి. వాటి మీద ఆ తొక్క ఆనించి చూడాలని నా చెయ్యి దానంతటదే ముందుకు పోయింది. బండి ఆమె నన్ను పైనించి కిందిదాకా చూసి, "ఏందమ్మా, ఇంకోటి కొయ్యాల్నా?" అని అడిగింది. వద్దని చెప్పి తొక్క డబ్బాలో వేసి వచ్చేశాను గానీ, ఆ సాయంత్రమంతా మా సారే కళ్ళముందు మెదిలారు.

ఆయన పేరు ఇక్కడ రాయను. రాసినా ఆయనకేమీ కోపం వచ్చేది కాదు, నిజానికి సంతోషించేవారు. ఇబ్బంది పడేది మిగతావాళ్ళు. ఆఫీసులో మేమంతా వెనకాల ఆయన్ని 'వంకర వంతెన సారు' అనేవాళ్ళం. ఆ సంగతి ఆయనకి తెలియదని మా ధీమా. ఒకరోజు ఫోనెత్తి, "ఆఁ, వంకర వంతెనే మాట్లాడుతున్నానండీ" అన్నారు. అవతల ఉన్నది మా ఓనరు. మేమంతా కంప్యూటర్లలోకి తలలు దూర్చేశాం.

మా ఆఫీసు దిల్‌సుఖ్‌నగర్ మెయిన్ రోడ్డు మీద ఉండేది. కింద చీరల దుకాణం, మధ్య అంతస్తులో బ్యాంకు పరీక్షల కోచింగు, పైన మేము. వంతెనలకి లెక్కలు కట్టి, బొమ్మలు గీసి ఇవ్వడం మా పని. మా నాన్న నల్గొండ పక్క పల్లె నుంచి వచ్చి బస్సు డిపోలో మెకానిక్‌గా చేరినవాడు. మన్సూరాబాద్‌లో రెండు గదుల కిరాయి ఇల్లు. ఇంటర్వ్యూకి పోయే ముందు నేను భూకంపాల పుస్తకం మొత్తం బట్టీ పట్టాను. సారు అందులోంచి ఒక్క ముక్క అడగలేదు.

నేను లోపలికి పోయేసరికి భోజనాల వేళ. టేబుల్ మీద పుచ్చకాయ కోసి పెట్టి ఉంది. "తినమ్మా" అన్నారు. ఇంటర్వ్యూలో పుచ్చకాయ ఎలా తినాలో మా కాలేజీలో చెప్పలేదు. గింజలు ఎక్కడ ఉమ్మాలో తెలియక మింగేశాను. ఆయన అది చూశారు. ఆ తర్వాత ఉద్యోగంలో నేను ఏ తప్పు చేసినా, "మళ్ళీ గింజలు మింగావా?" అనేవారు.

తినడం అయ్యాక రెండు టీ గ్లాసులు దూరంగా బోర్లించి, తొక్కని పడుకోబెట్టి దాని రెండు కొసలూ వాటి మీద ఆనించమన్నారు. ఆనించాను. చెయ్యి తీయగానే నడుము భాగం బయటికి ఒరిగి తొక్క కింద పడింది. అదే గ్లాసుల మీద స్కేలు పెట్టమన్నారు. బుద్ధిగా కూర్చుంది.

"చూశావా? తిన్నటి వంతెన తన మానాన తను పడుకుంటుంది. వంపు తిరిగినది ఎప్పుడూ బయటికి ఒరగాలనే చూస్తుంది. భూమి కదలకముందే దానికా బుద్ధుంది. ఇక కదిలితే ఏవవుతుందో చూద్దాం. టేబుల్ ఏ వైపు నుంచి ఊపమంటావు?"

"ముందు పొడుగు వైపు సార్, తర్వాత అడ్డం వైపు." పుస్తకంలో అదే ఉంది.

"దీనికి పొడుగేదమ్మా?"

తొక్క వైపు చూశాను. ఈ కొస దగ్గర పొడుగనుకున్నది ఆ కొసకి పోయేసరికి అడ్డమైపోతోంది. నాకేమీ తోచక, "తెల్వదు సార్" అన్నాను. "అమ్మయ్య" అన్నారాయన, "తెలుసన్నవాళ్ళని ముగ్గుర్ని పంపేశాను పొద్దుట్నుంచీ." అలా నాకు ఉద్యోగం వచ్చింది. తెలియదని చెప్పి ఉద్యోగం తెచ్చుకున్నానంటే మా నాన్న చాలాకాలం నమ్మలేదు.

ఇంజనీర్లు కానివాళ్ళ కోసం ఒక్క మాట చెప్పి ముందుకు పోతాను. తిన్నటి వంతెనని భూకంపం పొడుగునా ఊపినా, అడ్డంగా ఊపినా ఎటు కదులుతుందో ముందే చెప్పొచ్చు. వంపు తిరిగినదానికి ఆ మర్యాద లేదు. ఒకవైపు నెడితే ఇంకోవైపు కూడా జరుగుతుంది, జరుగుతూ మెలి తిరుగుతుంది. లోపలి వంపు దగ్గర కొస లేస్తుంది, బయటి వంపు మీద బరువంతా పడుతుంది. వంతెన కొసలు స్తంభాల తలల మీద ఒక అంచున కూర్చుని ఉంటాయి. ఆ అంచు వెడల్పు చాలకపోతే కొస జారి కింద పడుతుంది. భూకంపం ఏ దిక్కు నుంచి వస్తే ఎక్కువ ప్రమాదమో చూసీ చూడగానే తెలియదు కాబట్టి, కొంచెం కొంచెంగా తిప్పుకుంటూ అన్ని వైపుల నుంచీ లెక్క కట్టి చూడాలి. మా సారు జీవితమంతా చేసిన పని ఇదే.

చేసి చేసి అది ఆయన ఒంటికి పట్టేసింది. ఎవరేం చెప్పినా, "ఏ వైపు నుంచి?" అనేవారు. ఓనరు కోపంగా ఉన్నారు సార్ అంటే, "ఏ వైపు నుంచి చూసి చెబుతున్నావు?" అనేవారు. అన్నం తింటూ టిఫిన్ డబ్బాని కొంచెం కొంచెం తిప్పేవారు. వనస్థలిపురం రైతుబజారులో ఆయన వెంట ఒకసారి పోయాను. ఒక్కో వంకాయనీ తొడిమ పట్టుకుని గిర్రున తిప్పి చూస్తుంటే, అమ్మే ఆమెకి ఓపిక పోయింది.

"అది వంకాయ సారూ, పెండ్లిపిల్ల గాదు. ఎంతసేపు తిప్పి తిప్పి చూస్తవ్?"

"పుచ్చు ఒక వైపే ఉంటుందండీ."

"అయితే గా వైపు కోసి పారెయ్యి. వండేటిది మిగిలిందే గదా."

ఆయన దానికి పెద్దగా నవ్వి, తిప్పి చూడకుండానే కిలో తీసుకున్నారు. ఇంటికి పోయాక సగం పుచ్చులున్నాయని అమ్మగారు, అంటే ఆయన భార్య, మర్నాడు నాకు ఫోన్ చేసి చెప్పారు.

మా ఆయన్ని పెళ్ళికి ముందు ఆఫీసుకి తీసుకుపోయి చూపించాను. సారు కుర్చీలోంచి లేచి, ఆయన చుట్టూ నింపాదిగా ఒక ప్రదక్షిణ చేసి, "బాగానే ఉన్నాడమ్మా. ఎటు నుంచి ఊపినా పడేలా లేడు" అన్నారు. మా ఆయన ఇప్పటికీ అది మెచ్చుకోలే అంటారు. నేనూ కాదనను.

సారుది గోదావరి జిల్లా. ఈ ఊరొచ్చి ముప్ఫయ్యేళ్ళు దాటినా మాట అక్కడే ఉండిపోయింది. నన్ను సంతోషపెట్టాలనిపించినప్పుడు మాత్రం మా భాష మాట్లాడేవారు. "గట్లనేనా అమ్మా?" అని ఒక్కో అక్షరం ఒత్తి ఒత్తి పలికేవారు. "సార్, మీకు దండం పెడతా, మీది మీరే మాట్లాడండి" అనేదాన్ని. ఎల్‌బీనగర్ దాటేటప్పుడు బస్సు కిటికీలోంచి పైవంతెనలనీ మెట్రో స్తంభాలనీ మెడ తిప్పి తిప్పి చూసేవారు. "వీళ్ళు బాగా చేశారమ్మా. నాకు కడుపుమంటగా ఉంది" అనేవారు. కండక్టరు ఆయన్ని ఊరికి కొత్తగా వచ్చినాయన అనుకుని, దిగాల్సిన స్టాపు రెండుసార్లు చెప్పేవాడు.

ఆయన్ని చూసి నవ్వుకోనివాళ్ళు లేరు. కాంట్రాక్టర్లు వచ్చి, "మన ఊరు బండ మీద కూసున్నది సార్. ఇక్కడ భూకంపమేంది? గా అంచు జర తగ్గియ్యండి, సిమెంటు మిగుల్తది" అనేవాళ్ళు. "వస్తుందనడం లేదండీ. వస్తే, అంటున్నాను" అనేవారు. ఆయనకి కోపం రావడం నేను చూడలేదు. అంచు తగ్గించడమూ చూడలేదు.

ఇదంతా బాగానే ఉంది గానీ, ఆఫీసులో ఆయన మీద ఒక పుకారుండేది. సారు ఇల్లు వనస్థలిపురంలో. అక్కణ్నుంచి దిల్‌సుఖ్‌నగర్‌కి మెయిన్ రోడ్డు మీద ఒకే బస్సులో రావచ్చు. ఈయన వారంలో ఒకటి రెండు రోజులు దాన్ని వదిలేసి, ఎటో చుట్టు తిరిగి ఆలస్యంగా వచ్చేవారు. ప్యాంటు అంచులకి బురద, చేతిలో టార్చిలైటు. మధ్యలో ఎక్కడో దిగుతున్నారని మా డ్రాఫ్ట్‌స్‌మన్ కనిపెట్టాడు. ఇక చెప్పాలా? సారుకి చిన్నిల్లు ఉందని తేల్చేశారు. టార్చిలైటు ఎందుకని నేనడిగితే, అక్కడ కరెంటు లేదేమో అన్నారు.

ఆ చిన్నిల్లు నేనే చూశాను. మా మేనత్త ఇంటి నుంచి స్కూటీ మీద వస్తుంటే, ఒక నాలా దాటే చోట సారు కనిపించారు. నాలా మీద చిన్న వంతెన, పాతది, దాటుతూనే ఎడమకి వంపు తిరుగుతుంది. అది ఎక్కడుందో చెప్పను. రోజూ దాని మీదుగా పోయేవాళ్ళకి కూడా అది వంతెనని తెలియదు, రోడ్డనుకుంటారు. సారు గట్టు మీద మోకాళ్ళ మీద కూర్చుని, కిందికి టార్చి కొట్టి చూస్తున్నారు. నేను స్కూటీ ఆపి దగ్గరికి పోయాను.

"ఇది నాదేనమ్మా" అన్నారు నన్ను చూసి.

కుర్రతనంలో చేసిన పని చూసుకుని మురుస్తున్నారనుకున్నాను. "మంచిగున్నది సార్" అన్నాను.

"మంచిగ లేదు" అన్నారు.

గట్టు మీదే కూర్చుని చెప్పారు. అప్పుడే ఉద్యోగంలో చేరిన రోజులు. వంపు వంతెనకి చేత్తో లెక్కలు కట్టాలంటే నెలలు పడుతుంది. అందుకని అప్పట్లో ఒక వాడుక ఉండేది. వంపుని కాగితం మీద సాపు చేసేవాళ్ళు. అంటే అది తిన్నటి వంతెనే అనుకుని, అంత పొడుగుకి లెక్క కట్టేసేవాళ్ళు. ఇంత చిన్న వంపుకి లారీల బరువు, బస్సుల బరువు అలా కట్టినా పెద్దగా తేడా రాదు. ఈయన భూకంపం లెక్క కూడా అలాగే కట్టారు. తిన్నటిదానికి చాలే అంచు పెట్టి, పక్కకి జరగకుండా ఆపే దిమ్మెలు అక్కర్లేదని సంతకం చేశారు. పైవాళ్ళూ సంతకాలు చేశారు. వంతెన లేచింది, బళ్ళు తిరిగాయి.

"తప్పని ఎప్పుడు తెలిసింది సార్?"

"మా మరదలి పెళ్ళిలోనమ్మా. పుచ్చకాయ తింటూ."

చాలా ఏళ్ళ తర్వాతి సంగతట అది. పందిట్లో అందరూ అక్షింతలు వేస్తుంటే, ఈయన వంటశాల దగ్గర తొక్కని రెండు ఇత్తడి గ్లాసుల మీద పెట్టి, తీసి, మళ్ళీ పెట్టి, చెమటలు పట్టి కూర్చున్నారట. అక్షింతలు వేయలేదని ఆ మరదలు చివరిదాకా ఆయనతో సరిగా మాట్లాడలేదు.

"ఇన్నాళ్ళూ ఏం కాలేదుగా సార్?"

"కాలేదు. రేపు కూడా కాకపోవచ్చు. కానీ దీని కింద బట్టలుతుక్కుంటారమ్మా, పైన స్కూలు ఆటోలు పోతాయి. నేను పోయేలోపు దీని అంచు పెంచాలి, పక్కన దిమ్మెలు కట్టించాలి. నాకు ఇంకో కోరిక లేదు."

ఆ మాట అన్నప్పుడు ఆయన గొంతులో హాస్యం లేదు. అంతవరకూ నేను ఆయన్ని చూసి నవ్వుకున్నదానికి నాకు సిగ్గేసింది. మర్నాటి నుంచి మళ్ళీ నవ్వుకున్నాననుకోండి, ఆయన పద్ధతే అలాంటిది.

ఎందుకంటే, ఆ వంతెన చూసుకునే ఆఫీసుకి పోయి ఆయన చేసిన పని వింటే ఎవరికైనా నవ్వొస్తుంది. తోడుగా నేనూ పోయాను. ఫిర్యాదులు తీసుకునే గుమాస్తా ముందు కూర్చున్నాం.

"కంప్లైంట్ ఇచ్చేటోల్ల పేరు?" సారు చెప్పారు.

"ఎవరి మీద?" మళ్ళీ అదే పేరు చెప్పారు.

గుమాస్తా కలం పక్కన పెట్టాడు. "గట్లెట్ల సార్? మీ మీద మీరే ఎట్ల ఇస్తరు? ఇంట్ల ఏమన్న పంచాయితా?"

"తప్పు నాదేనండీ. కట్టించింది నేనే."

"కట్టింది పడిపోయిందా?"

"లేదండీ, నిక్షేపంగా ఉంది."

"ఉంటే మరి కంప్లైంట్ ఏంది సార్?" అని అతను నా వైపు జాలిగా చూశాడు. పెద్దాయన్ని ఇంటికి తీసుకుపోమ్మా అన్నట్టుగా ఉందా చూపు. ఛాయ్ మాత్రం తెప్పించాడు.

ఈ సంగతి మా ఓనరు చెవిన పడింది. వంతెనల లెక్కలు కట్టే ఆఫీసులో పెద్దాయనే తన లెక్క తప్పని ఊరంతా చెప్పుకుంటూ తిరిగితే పని ఎవరిస్తారు? ఆయన భయమూ కాదనలేనిది. అయితే పొమ్మని నోటితో అనలేదు. మన దగ్గర దానికి మర్యాదైన దారి ఒకటుంది కదా. సన్మానం పెట్టారు. శాలువా, పూలదండ, జ్ఞాపిక, సమోసాలు. 'ఇక విశ్రాంతి తీసుకోండి' అని ఉపన్యాసం. సారు శాలువా కప్పుకుని నా పక్కకొచ్చి కూర్చుని, "వెనక నుంచి కప్పారమ్మా. ఆ వైపు చూసుకోలేదు" అన్నారు. నేను సమోసా ప్లేటు కుర్చీ కింద పెట్టేశాను.

ఆ తర్వాత కొన్నేళ్ళు ఆయనకి అదే ఉద్యోగం. వంతెన ఆఫీసుకి కొత్త అధికారి వచ్చారని తెలిస్తే చాలు, రెండు గ్లాసులు, ఒక పుచ్చకాయ ముక్క సంచిలో వేసుకుని బయల్దేరేవారు. సీజను కానప్పుడు గుమ్మడికాయ ముక్క తీసుకుపోయేవారు. అక్కడే దెబ్బ తిన్నారు. ఒకరోజు అధికారి గదిలో లేనప్పుడు ముందే అన్నీ సర్ది పెడదామని, టేబుల్ మీద గ్లాసులు బోర్లించి వాటి మధ్య గుమ్మడి చెక్క పెట్టి, చేతులు కడుక్కోవడానికి బయటికి పోయారు. అధికారి వచ్చి చూశాడు. అది అమావాస్య మర్నాడు. ఎవరో తనకి చేతబడి చేశారనుకుని సాయంత్రం దాకా ఆ గదిలోకి పోలేదు. సారు మళ్ళీ పోయినప్పుడు గుమాస్తా గేటు దగ్గరే ఎదురొచ్చి, "సార్, మీరు రండి, కూసోండి, ఛాయ్ తాగండి. గా గుమ్మడికాయ మాత్రం బైటనే పెట్టి రండి. సాబ్ పరేషాన్ అయితుండు" అని బతిమాలాడట. ఇది సారే మా ఇంటికొచ్చి చెప్పారు. మా అమ్మ నవ్వలేక పొట్ట పట్టుకుంది.

ఈలోపు నేను ఇంకో ఆఫీసులో చేరాను. పాత వంతెనల కింద రబ్బరు దిండ్లుంటాయి. వంతెన కొస వాటి మీద కూర్చుంటుంది. అవి ముసలివై పగులుతాయి, మార్చాలి. అలా మార్చాల్సినవాటిలో సారు వంతెన కూడా వచ్చింది. ఆ పని మా ఆఫీసుకే పడింది. ఎలాగూ కిందికి దిగుతున్నాం కాబట్టి, అంచు పెంచి దిమ్మెలు కూడా కట్టేద్దామని నేను లెక్కలు కట్టి, సారుకి చూపించి, ఆయన నాలుగు దిక్కులే కాక మధ్య దిక్కులన్నీ చూసి నన్ను ఏడిపించాక, వంతెన ఆఫీసులో ఇచ్చాను. అప్పటికి అక్కడ ఒక కుర్ర ఇంజనీరు వచ్చాడు. సైదాబాద్ అబ్బాయి, మంచివాడు. అంతా చదివి నన్ను కూర్చోబెట్టాడు.

"మేడం, లెక్కలన్నీ కరెక్టే ఉన్నయి. పని చేద్దాం. గానీ సారు కారణం కింద 'నేను చేసిన పొరపాటు వల్ల' అని రాయించిండు. గా మాట పైకి పోతే ఎవరు బాధ్యులంటరు, ఎంక్వైరీ అంటరు, రబ్బర్లు మార్చుడు గూడ ఆగిపోతది. 'పటిష్ఠం చేయుట' అని రాయండి, రేపే సంతకం పెడత."

ఆ మాట పట్టుకుని వనస్థలిపురం పోయాను. నాకది చిటికెలో అయిపోయే పనిలా కనిపించింది. సారు వినగానే అడ్డంగా తల ఊపారు.

"కుదరదమ్మా. ఎందుకు కట్టారో రాయకపోతే, రేపు ఇంకొకడొచ్చి ఇవెందుకు అడ్డమని కొట్టేస్తాడు."

"పటిష్ఠానికని రాస్తం కదా సార్."

"తప్పే లేదన్నప్పుడు పటిష్ఠం చేయడమేవిటి?" గొంతు తగ్గించి అన్నారు. "ఇన్నేళ్ళు తిరిగాను. అందరూ ఛాయ్ ఇచ్చారు, శాలువా కప్పారు. ఒక్కళ్ళైనా అవునయ్యా, నువ్వు తప్పు చేశావు అనలేదమ్మా."

వంటింట్లోంచి అమ్మగారు, "పెళ్ళైనప్పట్నుంచీ నేనంటూనే ఉన్నాను" అన్నారు.

మామూలుగానైతే ముగ్గురం నవ్వేవాళ్ళం. ఆ రోజు నాకు కోపమొచ్చింది. ఇన్నాళ్ళకి దొరికిన సందు ఈ ముసలాయన మొండితనంతో మూసేస్తున్నారనిపించింది. "మీకు దిమ్మెలు కావాల్నా సార్, తప్పు కావాల్నా? రెండూ ఇయ్యరు. మీరు తప్పే పట్టుకుని కూసుంటే, గా వంతెన గట్లనే ఉంటది, మీరు పోతరు" అన్నాను. పెద్దవాళ్ళతో అలా మాట్లాడటం మా ఇంట్లో నేర్పలేదు. అన్నాక నాలుక కొరుక్కున్నాను.

ఆయన కాఫీ గ్లాసుని కొంచెం కొంచెంగా తిప్పుతూ కూర్చున్నారు. కాఫీ చల్లారిపోయింది. ఆ తప్పు ఆయనకి ఎంత సొంతమో నాకప్పుడు అర్థమైంది. దాన్ని ఒప్పుకోవడం కోసమే ఆయన ఉద్యోగం పోగొట్టుకున్నారు, ఆఫీసుల గుమ్మాల్లో నవ్వులపాలయ్యారు. ఇప్పుడు అసలు తప్పే జరగలేదని ఒప్పుకోమంటున్నాను.

"దిమ్మెలే కట్టించమ్మా" అన్నారు చివరికి. "ఆ మాట కొట్టెయ్యి."

పని వంతెన కిందే కాబట్టి పైన బళ్ళు తిరుగుతూనే ఉన్నాయి. సారు రోజూ ప్లాస్టిక్ కుర్చీ, గొడుగు పట్టుకొచ్చి గట్టు మీద కూర్చునేవారు. పెంచిన అంచుకి కొలత పెట్టించారు, మళ్ళీ పెట్టించారు. దిమ్మెకీ వంతెనకీ మధ్య వదలాల్సిన సందు గురించి మేస్త్రీకి ఎన్నిసార్లు చెప్పారంటే, అతను సారు రాగానే తనే ముందు అప్పజెప్పేవాడు. ఆఖరి దిమ్మెకి కాంక్రీటు పోసిన చెక్క పెట్టె ఊడదీసిన రోజు ఆ కుర్ర ఇంజనీరు వచ్చి పక్కన నిలబడ్డాడు.

"సార్, ఒకటి అడుగుతా, ఏమనుకోకండి. భూకంపం రానే రాకపోతే? ఇంత కష్టం వేస్టే గదా?"

"రాకూడదనే కదా నాయనా నేనూ కోరుకునేది. వస్తే, ఈసారైనా లెక్క సరిగ్గా కట్టానో లేదో బయటపడుతుంది. ఆ పరీక్ష నాకొద్దు." అని నవ్వి, గొడుగు ముడిచారు.

ఆ ఏడు వానలు వెనకబట్టాక ఆయన పోయారు. పెద్దగా ఏమీ అనారోగ్యం లేదు, పేపరు చదువుతూ కుర్చీలోనే. సంతాప సభ ఆయనుండే కాలనీ హాల్లో పెట్టారు. మా పాత ఓనరు వచ్చి మాట్లాడాడు. "ముప్ఫయ్యేళ్ళ ఉద్యోగంలో ఒక్క తప్పు చేయని ఇంజనీరు" అన్నాడు. అందరూ తలలూపారు. నేను కుర్చీలోంచి సగం లేచాను. పక్కనున్న అమ్మగారు నా చెయ్యి పట్టి కిందికి లాగారు. "కూర్చో తల్లీ. ఆయనుంటే లేచి గొడవ పెట్టుకునేవారు. మనకెందుకులే" అన్నారు, కళ్ళు తుడుచుకుంటూ, కొంచెం నవ్వుతూ.

అదే చలికాలంలో ఒక పొద్దున మన్సూరాబాద్‌లో మా వంటింట్లో డబ్బాలు సర్దుతున్నాను. అటక మీద గిన్నెలు గలగలమన్నాయి. కాళ్ళ కింద నేల సన్నగా వణికి ఆగింది. పైఇంటివాళ్ళు మిక్సీ వేశారనుకున్నారు మా ఆయన. కాసేపటికి ఫోన్లు మోగడం మొదలైంది. ఎక్కడో దూరాన భూమి కదిలిందనీ, మన ఊళ్ళో కొందరికే తెలిసిందనీ, ఎవరికీ ఏమీ కాలేదనీ.

అంత చిన్న వణుకుకి ఆ వంతెన, దిమ్మెలు లేకపోయినా, వెంట్రుకవాసి కూడా కదలదు. ఆ సంగతి నాకు తెలుసు. సారుకైతే ఇంకా బాగా తెలుసు. అయినా డబ్బాలు అక్కడే వదిలేసి స్కూటీ తీశాను. నాలా గట్టు దిగి, ఫోన్‌లో లైటు వేసుకుని, ఒక్కో కొస దగ్గరికీ పోయి చూశాను. అంచు, రబ్బరు, దిమ్మె, సందు. కట్టిన రోజు ఎలా ఉన్నాయో అలాగే ఉన్నాయి. రెండోసారి అవతలి వైపు నుంచి చూశాను. అక్కడే ఏడుపొచ్చేసింది. ఆపుకోవాలనిపించలేదు.

పైన ఒక ఆటో ఆగింది. డ్రైవరు పిట్టగోడ మీంచి కిందికి వంగాడు. "ఏమైందక్కా? ఏమన్న పడ్డదా?"

"ఏం గాలేదన్నా."

"మరి గట్ల ఏడుస్తున్నవేంది?"

"ఏం గాలేదనే" అన్నాను.

అతను నన్నొకసారి వింతగా చూసి, ఆటో స్టార్ట్ చేసుకుని, ఆ వంతెన మీదుగానే వెళ్ళిపోయాడు.